పైరేట్స్ కార్డులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిట్స్‌బర్గ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉంటున్న పాఠకుల నుంచి ఈ ఊరి పైరేట్స్ జట్టు బేస్‌బాల్ కార్డుల గురించి, అంటే ఆటగాళ్ల బొమ్మలతో కంపెనీలు అచ్చేసి ప్యాకెట్లలో అమ్మే కార్డుల గురించి, ఉత్తరాలు వచ్చాయి. విషయం ఒక్కటే కాబట్టి అన్నిటికీ ఈ సంచికలోనే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. వాడికి పదకొండేళ్లు. పైరేట్స్ అంటే ప్రాణం. వారం వారం కార్డుల ప్యాకెట్లు కొనిపెట్టమంటాడు. ఎన్ని కొన్నా పైరేట్స్ కార్డు ఒకటో అరో తప్ప రాదు, మిగతావన్నీ డబ్బాలో పడి ఉంటున్నాయి. వాడి సరదాను కాదనలేను, అలాగని ఇలా డబ్బు పోయడమూ నాకు నచ్చడం లేదు. దీనికో పద్ధతి ఉందా? (ఒక పాఠకురాలు, మన్రోవిల్)

జవాబు: పద్ధతి ఉంది. ముందుగా ప్యాకెట్లు కొనడం తగ్గించండి. మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ప్యాకెట్లో ఎవరి కార్డు వస్తుందో ముందుగా తెలియదు గనుక, సగటున ముప్పై కార్డులకు ఒక్కటి మీ అబ్బాయి కోరిన జట్టుది అవుతుంది. ప్యాకెట్ విప్పేటప్పటి ఉత్సాహం పిల్లలకు పెద్ద సంబరమే కాబట్టి పూర్తిగా మాన్పించమని చెప్పను. సీజన్ మొదటి ఆట రోజునో, పుట్టినరోజుకో ఒకటి కొనిపెట్టండి. సేకరణ మాత్రం విడి కార్డులతోనే పెరగాలి. టాప్స్ కంపెనీ ఏటా తన ప్రధాన సెట్టును సిరీస్ 1, సిరీస్ 2, అప్‌డేట్ అని మూడు విడతలుగా విడుదల చేస్తుంది. అందులోంచి ఒక్క జట్టు కార్డులన్నిటినీ ఏరి ‘టీమ్ సెట్’ పేరుతో కార్డుల దుకాణాల వాళ్లు, కార్డ్ షోలలో బల్లలు వేసుకునే వ్యాపారులు తక్కువ ధరకే అమ్ముతారు. డబ్బాలో పడి ఉన్న యాంకీస్, డాడ్జర్స్ కార్డులు కూడా దండగ కావు. ఆ జట్ల అభిమానుల దగ్గర మిగిలిపోయిన పైరేట్స్ కార్డులతో వాటిని మార్చుకోవచ్చు. కార్డులు పుట్టిన నాటి నుంచీ పిల్లలు చేస్తున్న పని అదే, బేరమాడడం కూడా అక్కడే అలవడుతుంది.

రెండో మాట దీనికంటే ముఖ్యం. ‘పైరేట్స్ కార్డులన్నీ’ అనుకుంటే ఆ సేకరణ ఎన్నటికీ పూర్తి కాదు. ఇప్పుడు ఒక్కొక్క కార్డునే వేరు వేరు రంగుల అంచులతో, వేరు వేరు సంఖ్యల్లో అచ్చేస్తున్నారు కాబట్టి ఒక్క ఆటగాడి ఒక్క ఏడాది కార్డులన్నీ దొరకబుచ్చుకోవడమే అసాధ్యంగా మారింది. అందుకని మీ అబ్బాయినే కూర్చోబెట్టి ఒక హద్దు గీసుకోమనండి. వాడు పుట్టిన ఏడాది నుంచి ఏటా ఒక టీమ్ సెట్ అనుకోవచ్చు, అభిమాన ఆటగాళ్ల రూకీ కార్డులు (తొలి ఏటివి) మాత్రమే అనుకోవచ్చు. నన్నడిగితే, ఈ జట్టు ప్రపంచ సిరీస్ (సీజన్ చివర విజేతను తేల్చే పోటీ) గెలిచిన ఏళ్లను పట్టుకోమంటాను. అవి అయిదు: 1909, 1925, 1960, 1971, 1979. ఒక్కో ఏటికి ఆ జట్టులో ఆడిన ఒక్కరి కార్డు చాలు, నూరేళ్ల చరిత్ర ఒక్క పేజీలో ఇమిడిపోతుంది.

అందులో 1909 అనగానే అందరికీ హోనస్ వాగ్నర్ గుర్తుకొస్తాడు. ఈ ఊరి పక్కనున్న కార్నెగీ ప్రాంతంలో పుట్టి, 1900 నుంచి 1917 దాకా పైరేట్స్‌కే ఆడిన మనిషి. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచిన టీ206 సెట్టులో ఆయన కార్డును మొదట్లోనే ఆపేశారు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఆయనకు ఇష్టం లేదని కొందరు, తనకు డబ్బు ఇవ్వనందుకని మరికొందరు అంటారు. కారణం ఏదైనా, ఇప్పుడు మిగిలినవి అరవై లోపే. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అది మనకు అందేది కాదు. అయితే అదే సెట్టులో అదే విజేత జట్టు నాయకుడు ఫ్రెడ్ క్లార్క్ కార్డు ఉంది, టామీ లీచ్ కార్డు ఉంది. మూలలు అరిగి, మధ్యలో మడత పడ్డ ప్రతిని వెతికితే మామూలు సంపాదనపరులు కొనగలిగే ధరలోనే దొరుకుతుంది. చేతిలో పట్టుకుని చూస్తే ఇప్పటి కార్డులో సగం కూడా ఉండదు. వెనకవైపు పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ వంటి సిగరెట్ల ప్రకటన ఉంటుంది. ముందు వైపు ఊరి పేరు చివర హెచ్ అక్షరం కనిపించదు. 1891 నుంచి 1911 దాకా ప్రభుత్వ లెక్కల్లో ఈ ఊరి పేరును అలాగే రాసేవారు. ఆ అచ్చును పిల్లవాడు తన కళ్లతో చూస్తే, ఈ జట్టు తనకంటే ఎంత పెద్దదో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.

ఆ తర్వాతి విజయాల విషయం సులువు. 1925 జట్టులోని పై ట్రేనర్‌కు 1933 గౌడీ చూయింగ్ గమ్ సెట్టులో కార్డు ఉంది. 1979కి విల్లీ స్టార్జెల్‌ది ఏదైనా సరిపోతుంది. ఇక 1960కి బిల్ మజరోస్కీ సొంత కార్డుకంటే, 1961 టాప్స్ సెట్టులో ఆ ప్రపంచ సిరీస్ మీద విడిగా వేసిన కార్డుల్లో ఆయన హోమ్ రన్‌ది వెతకండి. అక్టోబర్ 13న ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆయన కొట్టిన ఆ బంతితో పైరేట్స్ 10-9 తేడాతో యాంకీస్‌ను ఓడించారు. ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానాన్ని కూల్చేసినా దాని బయటి గోడలో కొంత భాగం ఓక్లండ్‌లో విశ్వవిద్యాలయం పక్కన ఇంకా నిలిచి ఉంది, ఏటా అక్టోబర్ 13న అభిమానులు అక్కడ చేరి ఆనాటి రేడియో వ్యాఖ్యానాన్ని వింటారు. మన్రోవిల్ నుంచి అదేమంత దూరం కాదు. కార్డు కొన్న ఏడాది అబ్బాయిని తప్పకుండా అక్కడికి తీసుకువెళ్లండి.

ఇంకొక్క మాట. ఈ ఊరికి హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ అనే నీగ్రో లీగ్ జట్లు (మేజర్ లీగ్‌లోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్లవి) కూడా ఉండేవి. అక్కడ ఆడిన జాష్ గిబ్సన్ బ్యాటింగ్ సగటు .372 (వెయ్యి ప్రయత్నాలకు 372 హిట్లు చొప్పున). 2024లో మేజర్ లీగ్ ఆ రికార్డులను తన లెక్కల్లో కలుపుకున్నాక, మొత్తం చరిత్రలోనే అత్యధిక సగటు ఆయనదయింది. ఆయన ఆడిన కాలంలో అమెరికన్ కార్డు కంపెనీలు నల్లజాతి ఆటగాళ్లకు కార్డులే వేయలేదు. ఆయన చనిపోయాక ఎన్నో ఏళ్లకు వేసిన కార్డులు ఇప్పుడు చవకగా దొరుకుతాయి. ఒకటి కొని ఆ పేజీలో పెట్టించండి, ఎందుకు ఆలస్యంగా వచ్చిందో వాడికి చెప్పండి.

ప్రశ్న: పొరుగువారు ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజీ సేల్ పెడితే, 1986 నుంచి 1992 వరకు ఉన్న కార్డుల పెట్టె ఒకటి కొన్నాను. పైరేట్స్ కార్డులే వందల్లో ఉన్నాయి, బారీ బాండ్స్ రూకీ కార్డులు కూడా చాలా కనిపిస్తున్నాయి. వీటి విలువ ఎంత ఉంటుంది? గ్రేడింగుకు, అంటే కార్డు స్థితిని పరీక్షించి అంకె వేసే సంస్థకు, పంపమంటారా? (ఒక పాఠకుడు, క్రాన్‌బెర్రీ)

జవాబు: పెద్ద మొత్తం ఆశించకండి. పాత కార్డులు డబ్బు తెచ్చిపెడతాయన్న వార్త 1980లలో దేశమంతా పాకింది. అంతకుముందు దాదాపు టాప్స్ ఒక్కటే ఏలిన ఈ రంగంలోకి 1981లో ఫ్లియర్, డాన్‌రస్, 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ దిగాయి. కంపెనీలు లెక్కలేకుండా అచ్చేశాయి, జనం సీలు విప్పని పెట్టెలను అటకల మీద దాచారు. 1950ల నాటి కార్డులను తల్లులు చెత్తలో పారేశారు కాబట్టే అవి అరుదయ్యాయి. ఈ కాలం వాటిని ఎవరూ పారేయలేదు. మీ పెట్టెలో చెక్క రంగు అంచుతో ఉన్న 1987 టాప్స్ బాండ్స్ కార్డులు కనిపిస్తే, అవి ఇప్పటికీ కొద్ది డాలర్ల సరుకే. అన్నిటినీ గ్రేడింగుకు పంపితే రుసుము కార్డుల విలువను మించిపోతుంది.

అయినా రెండు కార్డుల కోసం పెట్టెను ఓపికగా గాలించండి. ఒకటి 1986 టాప్స్ ట్రేడెడ్ సెట్టులోని బాండ్స్, నంబరు 11టి. ప్యాకెట్లలో కాకుండా 132 కార్డుల సెట్టుగా వ్యాపారుల ద్వారా అమ్మినది. రెండోది 1987 డాన్‌రస్ ‘ఓపెనింగ్ డే’ సెట్టులోని బాండ్స్. ఆ సెట్టులో మొదట అచ్చయిన కొన్నిటి మీద పేరు బాండ్స్‌దే గాని, బొమ్మ అదే జట్టు ఆటగాడు జానీ రేది. తప్పు తెలిసి వెంటనే సరిదిద్దారు గనుక ఆ పొరపాటు కార్డులు తక్కువ. నల్ల జెర్సీతో ఉన్నది సరిదిద్దినది, తెల్ల జెర్సీతో ఉన్నది పొరపాటుది.

ధర సంగతి అటుంచి, మీ పెట్టెను నేను తక్కువ చేయను. పైరేట్స్ 1990, 1991, 1992లలో వరసగా మూడుసార్లు తమ డివిజన్ (లీగ్‌లోని జట్ల విభాగం) గెలిచారు. బాండ్స్, బాబీ బోనియా, ఆండీ వాన్ స్లైక్, 1990లో ఉత్తమ పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న డగ్ డ్రేబెక్, మేనేజర్‌గా జిమ్ లేలండ్: ఆ జట్టు మొత్తం మీ పెట్టెలోనే ఉండి ఉంటుంది. బాండ్స్ 1992 తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయాడు, జట్టు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు ఓటములే ఎక్కువగా చూసింది. ఈ ఊరివాళ్లకు ఆ మూడేళ్లు ఎంత తియ్యనివో అందుకే అర్థం చేసుకోవాలి. అతి ఎక్కువగా అచ్చేసిన రోజులూ, జట్టు బాగా ఆడిన రోజులూ ఒకటే కావడం ఈ ఊరి సేకర్తల అదృష్టమని నా అభిప్రాయం. ఏడాదికొకటి చొప్పున ఆ జట్టు పూర్తి సెట్లు వేరుచేసి పెట్టుకోండి, మిగిలినవి చుట్టుపక్కల పిల్లలకు పంచండి.

ప్రశ్న: నాకు రాబర్టో క్లెమెంటీ కార్డు ఒక్కటైనా కొనుక్కోవాలని ఉంది. ఒక కార్డ్ షోలో 1960ల నాటి కార్డు చూపించారు గాని, దాని మీద ‘బాబ్ క్లెమెంటీ’ అని ఉంది. అనుమానం వచ్చి వదిలేశాను. నకిలీదా? అసలు కార్డును ఎలా పోల్చుకోవాలి? (ఒక పాఠకుడు, గ్రీన్‌ట్రీ)

జవాబు: ఆ పేరు ఒక్కటే కారణమైతే అనుమానించనక్కరలేదు. 1955, 1956 కార్డుల మీద రాబర్టో అనే వేసిన టాప్స్, 1957 నుంచి 1960ల చివరి దాకా బాబ్ అని వేసింది. ప్యూర్టో రికో నుంచి వచ్చిన ఆయన పేరును అమెరికన్ పత్రికలూ వ్యాఖ్యాతలూ తమ నోటికి అనువుగా మార్చేశారు. నా పేరు రాబర్టో అని ఆయన ఎంత చెప్పినా కార్డుల మీద మార్పు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అమెరికా బడుల్లో పేర్లు కురచ చేయించుకున్న మన పిల్లలకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ‘బాబ్’ కార్డు ఒకటీ, ‘రాబర్టో’ కార్డు ఒకటీ పక్కపక్కన పెట్టుకుంటే, ఆయన ఆటతోపాటు ఆయన పట్టుదల కూడా మీ దగ్గర ఉన్నట్టే.

ఏది కొనాలంటే, 1955 రూకీ కార్డు, నంబరు 164, అందరూ కోరుకునేది. అడ్డంగా ఉండే కార్డు. ఆకుపచ్చ నేపథ్యం మీద పెద్దగా ముఖం, దాని పక్కన చిన్నగా ఆయన నిలువెత్తు బొమ్మ. బాగా అరిగిన ప్రతికి కూడా ధర గట్టిగానే పలుకుతుంది. తొలి కార్డుగా నేను 1973 టాప్స్ నంబరు 50ను సూచిస్తాను. 1972 సీజన్ చివర్లో 3000వ హిట్ కొట్టిన క్లెమెంటీ, ఆ డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాగ్రి తీసుకువెళుతూ విమానం కూలి మరణించాడు. ఆ తర్వాత విడుదలైన 1973 కార్డు, ఆటగాడిగా ఆయనకు టాప్స్ వేసిన చివరిది. రూకీ కార్డు ధరతో పోలిస్తే ఇది ఎంతో అందుబాటులో ఉంటుంది. 1971 విజేత జట్టు గుర్తుగా కావాలంటే 1971 కార్డు నంబరు 630 ఉంది. దాని అంచు నల్లగా ఉంటుంది గనుక ఏ కాస్త రాపిడి తగిలినా లోపలి తెలుపు బయటపడుతుంది. అంచులు మరీ నిగనిగలాడుతున్న 1971 కార్డు చవకగా దొరికిందంటే, ఎవరో నల్ల సిరాతో దిద్దారేమోనని భూతద్దం పెట్టి చూడండి.

భూతద్దం వేరే విధంగానూ పనికొస్తుంది. అసలు కార్డులో బొమ్మ రంగు రంగుల చుక్కలతో ఏర్పడినా, పేరులోని అక్షరాలూ గీతలూ నిండుగా, తెగకుండా అచ్చవుతాయి. కార్డును స్కాన్ చేసి వేసిన నకళ్లలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. తర్వాత కొలత చూడండి. 1957 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు. 1955, 1956 కార్డులు అంతకంటే పెద్దవి, 2⅝ అంగుళాలకు 3¾ అంగుళాలు. మూలలు పదునుగా కనిపించడం కోసం అంచులు కత్తిరించిన కార్డు కొలతలో దొరికిపోతుంది. మరో పరీక్ష కాగితానిది. కొత్త కాగితం అతినీలలోహిత దీపం కింద నీలి తెలుపుగా మెరుస్తుంది, పాత కాగితం సాధారణంగా అలా మెరవదు.

ఇవన్నీ చేసినా, 1955 కార్డు స్థాయి సొమ్ము పెట్టేటప్పుడు పీఎస్ఏ, ఎస్‌జీసీ వంటి సంస్థలు పరీక్షించి, ప్లాస్టిక్ పలకలో మూసి, గ్రేడు వేసిన కార్డునే కొనండి. ఆ పలక మీది నంబరును సంస్థ వివరాలతో సరిపోల్చుకోండి. పలకలకూ నకిలీలు వస్తున్నాయి. గ్రేడు 1 నుంచి 10 దాకా ఉంటుంది. సొంత ఊరి జట్టు మీద ప్రేమతో కూడబెట్టేవారికి 2, 3 గ్రేడు కార్డు చాలునని నా నమ్మకం. మడత పడినా ముఖం స్పష్టంగా ఉన్నది ఎంచుకోండి. ఏ కుర్రాడో జేబులో పెట్టుకు తిరిగిన కార్డు అది, మచ్చ లేని కార్డుకంటే నాకు దాని మీదే మమకారం. కొనేలోపు లారెన్స్‌విల్‌లోని క్లెమెంటీ మ్యూజియం ఒకసారి చూసి రండి.

ప్రశ్న: కార్డులు బేస్‌మెంట్‌లో షూ పెట్టెల్లో, రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచాం. ఫరవాలేదా? (ఒక పాఠకురాలు, మౌంట్ లెబనాన్)

జవాబు: ఫరవాలేదనలేను, ఈ రోజే తీయండి. రబ్బరు బ్యాండు అంచుల్లో గాడి పెడుతుంది, కొంతకాలానికి కరిగి అంటుకుపోతుంది. బేస్‌మెంట్ చెమ్మకు కార్డు వంగుతుంది, బూజు పడుతుంది. నిగనిగలాడే పూత ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మామూలు కార్డులను తొమ్మిది అరల ప్లాస్టిక్ పేజీల్లో పెట్టి, బైండర్‌ను పై అంతస్తులో ఎండ తగలని బీరువాలో నిలబెట్టండి. పేజీలు పీవీసీ లేనివే కొనాలి. విలువైన వాటిని ముందు పలుచటి స్లీవ్‌లో, తర్వాత టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో ఉంచండి. 1957కు ముందు టాప్స్ వేసిన పెద్ద కార్డులు ఉంటే తొమ్మిది అరల పేజీల్లోకి బలవంతంగా తోయవద్దు, మూలలు నలిగిపోతాయి. వాటి కొలతకు తగిన ఎనిమిది అరల పేజీలు విడిగా దొరుకుతాయి.

ప్రశ్న: మా వాడికి ప్యాకెట్లో పాల్ స్కీన్స్ సంతకం ఉన్న రూకీ కార్డు వచ్చింది. మంచి ధర పలుకుతోంది. అమ్మి కాలేజీ ఖర్చులకు దాచుదామని నేనంటే, వాడు ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు? (ఒక పాఠకుడు, వెక్స్‌ఫర్డ్)

జవాబు: స్కీన్స్ ఈ ఊరికి ఎంత దగ్గరివాడయ్యాడో మీకు తెలుసు. 2023 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) మొదటి ఎంపిక, 2024లో నేషనల్ లీగ్ ఉత్తమ రూకీ, 2025లో సై యంగ్ విజేత. తొలి ఆటలో ఆయన జెర్సీకి ఉన్న గుర్తును కోసి అమర్చిన ఒకే ఒక్క కార్డు లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో పదకొండేళ్ల పిల్లవాడికి వస్తే, దాని కోసం పైరేట్స్ యాజమాన్యం 30 ఏళ్ల సీజన్ టికెట్లు ఇస్తామంది. ఆ కుటుంబం ఒప్పుకోలేదు. 2025 మార్చిలో వేలంలో అది 11 లక్షల డాలర్లు దాటింది. మీ వాడికి వచ్చింది అంతటిది కాకపోయినా, ఆ వార్త విన్న పిల్లవాడు తన కార్డును వదులుకోనంటే ఆశ్చర్యం ఏముంది?

డబ్బు కోణంలో మీ మాట సరైనదే. పిచర్ కార్డు ధర ఆయన భుజం, మోచేయి మీద నిలబడి ఉంటుంది. ఒక్క గాయంతో పడిపోవచ్చు. కళాశాల ఫీజుకు ఆధారంగా అలాంటి వస్తువును దాచిపెట్టమని నేను చెప్పను. అయితే కార్డు వచ్చింది వాడికి, నిర్ణయంలో వాడి మాట ఉండి తీరాలి. అదే కార్డు ఇటీవల అమ్ముడైన ధరలను వాడితోనే వెతికించండి. అడుగుతున్న ధరలు కాదు, నిజంగా అమ్ముడైనవి. ఆ సొమ్ము మీ ఇంటి పరిస్థితిని నిజంగా మార్చేదయితే, అమ్మి, అందులో ఒక వంతుతో వాడికి నచ్చిన పైరేట్స్ కార్డులు కొనుక్కోనిస్తానని మాటివ్వండి. అంత మొత్తం కాకపోతే ఉండనివ్వండి, స్కీన్స్ ఆడే ప్రతి ఆటా మీ ఇంట్లో మరింత ఇష్టంగా చూస్తారు. అమ్మేటట్టయితే ఒక్క జాగ్రత్త: అమెరికా పన్ను చట్టం ఇలాంటి సేకరణ వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి 28 శాతం దాకా పన్ను వేస్తుంది, ఏడాది లోపు అమ్మితే మామూలు ఆదాయపు రేటు వర్తిస్తుంది. ప్యాకెట్ కొన్న రసీదును, కార్డు వచ్చిన తేదీని రాసి పెట్టుకోండి.